కాగితంలో లేని గడి

ఎదుటివాళ్ల బాధను సర్వే కాగితం గళ్లలో సర్దడంలో పరిశోధకురాలిది అందెవేసిన చెయ్యి. తొమ్మిదో ప్రశ్న రాగానే, దేశం దాటి శరణార్థిగా వచ్చిన దర్జీ ఆవిడ ముందుకు టిష్యూల డబ్బా జరిపింది.

"ఏడవాల్సింది ఇక్కడామ్మా? పోయిన ఏడాది వచ్చిన సారు పదకొండో ప్రశ్నకి ఇచ్చారు" అంది దర్జీ, గుండీ కుడుతూనే.

పరిశోధకురాలు గతుక్కుమని, కాగితంలోకి చూసి చదివింది. "ఇల్లొదిలి పారిపోయిన రోజు గుర్తొచ్చి నిద్ర పట్టకపోవడం ఉందా? అసలు లేదా, అప్పుడప్పుడా, రోజూనా?"

"ఏడాదికోసారి."

ఆ గడి కాగితంలో లేదు. "అదేంటి? ఎప్పుడు?"

"మీలాంటివాళ్లొచ్చి అడిగి వెళ్లిన రోజు."

పరిశోధకురాలు పెన్నుకి మూత పెట్టి, కాగితాలు సంచిలో పెట్టుకోబోయింది.

దర్జీ దారం కొరికి, డబ్బా తన దగ్గరికి లాక్కుంది.

"మూసేస్తారేంటమ్మా? మిగతావి కూడా అడిగేయండి. ఇవాళ్టి నిద్ర ఎలాగూ పోయింది."