అరవై రెండు కిలోలు

"ట్రెడ్‌మిల్ వద్దండి. పరిగెత్తితే ఉన్న మోకాళ్ళు కూడా పోతాయి," అన్నాడు లోకనాథ్.

రాజమండ్రిలో వ్యాయామ పరికరాలు అమ్మే కొట్టు అతనిది. సంపూర్ణమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మోకాలు రాసుకుంటోంది. పక్కన భర్త వీరాస్వామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండు నెలల్లో వాళ్ళు పెనుగొండ నుంచి ఇక్కడికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి నడుం తిప్పే చక్రం కొన్నారు. రెండోసారి కుర్చీలో కూర్చుని తొక్కే పెడళ్ళు కొన్నారు. అవేమీ మూలపడలేదు పాపం, ఆవిడ రెండింటినీ రోజూ అరగదీస్తూనే ఉంది.

"ఏది తొక్కితే తగ్గుతానో అదే ఇవ్వు బాబూ. ఈస్టర్ మర్నాడు డాక్టరు గారు రమ్మన్నారు. అప్పటికి అరవై రెండుకి రావాలి. రాకపోతే రెండు మోకాళ్ళూ కొయ్యాల్సిందేనన్నారు."

"ఇప్పుడెంత ఉన్నారండి?"

"పొద్దున అరవై ఎనిమిది. మొదట్లో డెబ్భై."

"తగ్గుతున్నారు కదండి. ఎందుకంత కంగారు?"

సంపూర్ణమ్మ మళ్ళీ మోకాలు రాసుకుంది. ఆవిడ అక్క రెబెక్కా మోకాళ్ళ ఆపరేషన్‌కని నడిచి వెళ్ళింది, స్ట్రెచర్ మీద తిరిగొచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళు మంచం దిగకుండానే పోయింది. ఆ నాలుగేళ్ళూ ఆవిడకి స్నానం చేయించింది సంపూర్ణమ్మే. అప్పటి నుంచి ఆపరేషన్ అన్న మాటంటేనే ఈవిడకు భయం.

లోకనాథ్ ఒక సైకిల్ ముందుకు లాగాడు. "వెనక్కి ఆనుకుని తొక్కేదండి ఇది. మోకాలి మీద భారం పడదు. రోజూ అరగంట చాలు."

"ఇచ్చెయ్యండి," అన్నాడు వీరాస్వామి. బియ్యం కొట్టు నడిపే మనిషి, బేరమన్నా ఆడలేదు. భార్య అంటే అంత ప్రాణం కాబోలు అనుకుని లోకనాథ్ ముచ్చటపడ్డాడు.

"దీంతో పాటు బరువు చూసుకునే మిషన్ ఒకటి ఫ్రీ అండి," అంటూ ఒక పెట్టె తెచ్చి సైకిల్ సీటు మీద పెట్టాడు.

వీరాస్వామి ఆ పెట్టె తీసి మళ్ళీ అతని చేతిలోనే పెట్టాడు. "అది వద్దు."

"డబ్బుల్లేవండి దానికి."

"మాకెందుకు బాబూ," అని సంపూర్ణమ్మ మొదటిసారి నవ్వింది. "కొట్లో పెద్ద కాటా ఉంది. ఏటేటా తూనికల ఆఫీసు వాళ్ళొచ్చి ముద్ర వేసి వెళ్తారు."

సైకిల్ ఇంటికొచ్చింది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు మీద 'సరైన తూకం' అని బోర్డు. అరగంట చాలన్నాడు లోకనాథ్, ఆవిడ రెండు గంటలు తొక్కింది. ఈస్టర్ ముందు ఉపవాసాల శ్రమదినాలు కదా అని ఒక పూట భోజనం మానేసింది. తర్వాత రెండో పూట కూడా గ్లాసుడు మజ్జిగకు దించేసింది. రోజూ తెల్లవారగానే కొట్లోకి వచ్చి కాటా ఎక్కేది. ఎర్ర అంకెలు చూసి దిగేది. మళ్ళీ సైకిల్ ఎక్కేది.

"కాస్త పెరుగన్నం తిను సంపూర్ణం," అనేవాడు వీరాస్వామి.

"మీకేంటండి. కోసేది నా కాళ్ళు."

"చాలా తగ్గావు. చూస్తే తెలియట్లేదా? గాజులు మోచేతి దాకా జారిపోతన్నాయి."

"కాటా చెప్పాలి గానీ మీరు చెబితే ఆగుతుందా?"

ఈస్టర్‌కి ముందు వారం, మట్టలాదివారం నాడు చర్చిలో కీర్తనకి లేచి నిలబడి, ఆవిడ కళ్ళు తిరిగి కూలబడిపోయింది. ఆ రాత్రి వీరాస్వామి అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. అతను ఏదో చెప్పబోయి, చెప్పలేక, ఆ ముద్ద పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఈస్టర్ వెళ్ళింది. సోమవారం పొద్దున్నే బస్తా బియ్యం కోసం కొట్టు పాత ఖాతాదారు నూకరత్నం వచ్చి కూర్చుంది. ఆవిడ చూస్తూండగానే సంపూర్ణమ్మ గోడ పట్టుకుని కాటా ఎక్కింది.

అరవై నాలుగున్నర.

దిగి మళ్ళీ ఎక్కింది. అరవై నాలుగున్నరే.

"ఇంకా రెండున్నర ఉందండీ," అని తవుడు బస్తా మీద కూర్చుండిపోయి చిన్నపిల్లలా ఏడ్చింది. "నా వల్ల కాదు. నాకూ అక్క గతే. నన్ను ఎవరు ఎత్తి స్నానం చేయిస్తారండీ?"

"లే, ఆస్పత్రికి వెళ్దాం. అక్కడే బరువు చూపించుకుందాం," అన్నాడు వీరాస్వామి.

"ఇలా వెళ్తే అక్కడే పడుకోబెట్టేస్తారు. నేను రాను. డాక్టరు గారిని ఇంకో పది రోజులు గడువడగండి. ఇవాళ్టి నుంచి మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టను."

"చచ్చిపోతావే."

"ఆ మంచం మీద పడుండే కంటే అదే నయం."

నూకరత్నం కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఊరుకోండి అమ్మగారూ. ఓ మిషన్ కాకపోతే ఇంకో మిషను. అయినా ఈ కాటా అరవై నాలుగున్నర అంటే అంతేనండి, ఎక్కడికెళ్ళి తూగినా ఒకటే. పదేళ్ళ నుంచి బియ్యం తీసుకెళ్తన్నాను, నాకు తెలీదా?"

వీరాస్వామి నోరు తెరిచాడు. సంపూర్ణమ్మ వంక చూశాడు. నూకరత్నం వంక చూశాడు.

"లోకనాథ్‌కి ఫోన్ చేస్తాను," అన్నాడు చివరికి. "ఇంకేదైనా మిషన్ ఉందేమో కనుక్కుంటాను."

"అలాగేనండి. ముందు నా బియ్యం తూచెయ్యండి బాబుగారూ, పొలానికి టైమైపోతంది."

వీరాస్వామి బస్తా ఎత్తి కాటా మీద పెట్టాడు. ఎర్ర అంకెలు యాభై దగ్గర ఆగాయి. నూకరత్నం తృప్తిగా తలూపి సంచీ మూతి కట్టుకుంది. సంపూర్ణమ్మ కళ్ళు తుడుచుకుని, గోడ పట్టుకుని, మళ్ళీ సైకిల్ వైపు నడిచింది.

ఆ కాటా యాభై కిలోలకి రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది.