నీళ్ళ కింది బాట

నెత్తిన నూలు మూటతో ఏరు దాటుతున్న రుక్కమ్మ నడిమధ్యలో ఆగిపోయింది.

మోకాటి లోతు నీళ్ళ కింద, తాను అడుగు వేయబోయిన బండ కదులుతోంది.

బండ పక్కనుంచి ఒక తల పైకి లేచింది. ఏట్లో పుట్టి, గుండ్రటి బుట్టపడవ, నడిపే మొగులయ్య. చేతిలో గడ్డపార.

"ఏం జేస్తున్నవయ్యా?"

"జర ఆగమ్మా. గా రాయి మీద కాలు వెట్టకు. పుట్టి తెస్త, ఎక్కుదువు."

రుక్కమ్మకు ఒళ్ళు మండింది. ఆ బండను తప్పించుకుని, పట్టుతప్పి నడుముదాకా తడిసి ఒడ్డు చేరింది.

రాజోలికి దిగువనున్న ఆ ఊళ్ళో అన్నీ మగ్గం ఇళ్ళే. యుద్ధం రోజులు కావడంతో నూలు దొరకడం గగనమైంది. తుంగభద్ర దాటి అవతలి ఒడ్డున ఎక్కడో వెతికి తెచ్చుకోవాలి. ఎండాకాలం ఏరు ఒక్క పాయగా సన్నబడితే, పాతకాలం వాళ్ళెవరో నీళ్ళ అడుగున పరిచిన బండల మీదుగా నడిచిపోయేవాళ్ళు.

మొగులయ్య వనపర్తి దిక్కునుంచి వచ్చినవాడు. ఒక పుట్టి తెచ్చి రేవులో పెట్టాడు. "బాట మంచిగ లేదు, పుట్టి ఎక్కుండ్రి" అని వచ్చేపోయే వాళ్ళను బతిమాలేవాడు. ఇచ్చింది పుచ్చుకునేవాడు. అయినా ఎక్కేవాళ్ళు తక్కువ. కాళ్ళుండగా పుట్టి ఎందుకని నవ్వేవాళ్ళు.

రుక్కమ్మ తడిచీరతోనే ఊరిపెద్ద బుచ్చన్న వాకిట్లో నిలబడింది.

"బాట రాళ్లు పీకుతున్నడు పెదనాయనా. నా కండ్లతోని జూసిన."

మొగులయ్యను పిలిపించారు. చావడి ముందు ఊరంతా చేరింది.

"ఏమయ్యా, రాయి లేపినవా?" బుచ్చన్న అడిగాడు.

"లేపిన. కింద ఇసుక కొట్టుకపోయింది. సందులల్ల రాళ్లు దట్టించి మళ్ల పండవెడ్తున్న. ఈ ఒడ్డు దిక్కు సగం అయింది."

"బాట బాగైతె నీ పుట్టి ఎవరెక్కుతరు?"

మొగులయ్య గడ్డపార మొనకంటిన ఇసుక తుడిచాడు.

"చెప్పు మరి. ఎవడన్న తన కడుపు మీద తనే కొట్టుకుంటడా?"

అతను ఏటివైపు చూశాడు.

"ఇంకొన్ని దినాలు ఓపిక వట్టుండ్రి. అయిపోంగనే నేనే పోత."

దొరికిపోయిన దొంగ గడువు అడుగుతున్నాడనుకున్నారంతా. కుర్రాళ్ళు పుట్టిని ఒడ్డుకు లాగి గొడ్డళ్ళతో నరికారు. అతను అడ్డుపడలేదు. గడ్డపార భుజాన వేసుకుని వెళ్ళిపోతూ రుక్కమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఆ ఒడ్డు దిక్కు సగం మీద నడవకుండ్రి, చెల్లె."

రుక్కమ్మ మొహం తిప్పుకుంది.

ఆ ఏడు వరద పెద్దగా వచ్చింది. మళ్ళీ ఎండాకాలం నాటికి ఏరు తగ్గింది. జనం ఎప్పటిలాగే బాట మీద నడవడం మొదలుపెట్టారు.

రుక్కమ్మ భర్త అంజన్న నూలు కోసం అవతలికి వెళ్ళాడు. పొద్దు వాలుతుండగా ఎర్రనూలు మూట నెత్తిన పెట్టుకుని తిరిగొస్తూ, ఇవతలి ఒడ్డున నిలబడ్డ రుక్కమ్మను చూసి చేయి ఊపాడు. దొరికిందని చెప్పడం అది.

ఏటి నడిమికి ఇంకా కొంచెం దూరం ఉందనగా అతని కాలి కింద బండ పక్కకు ఒరిగింది.

అరుపు కూడా వినపడలేదు. మూట విడిపోయి నూలు నీళ్ళ మీద పొడుగ్గా పరుచుకుంటూ పోయింది. మనిషి దిగువ మడుగులో దొరికాడు.

మర్నాడు బుచ్చన్నే నలుగురిని వెంటబెట్టుకుని బాట చూడ్డానికి నీళ్ళలోకి దిగాడు. ఇవతలి సగంలో ప్రతి బండ కిందా రాళ్ళు వేలు దూరనంత బిగువుగా కూరి ఉన్నాయి. వరద ఒక్కదాన్నీ కదపలేకపోయింది. అవతలి సగంలో ఇసుకే లేదు. బండలు అంచుల మీద ఊరికే ఆగి ఉన్నాయి.

బుచ్చన్న పైకొచ్చి ఒడ్డున కూలబడ్డాడు.

"మొగులయ్య చెప్పింది నిజమే" అన్నాడు.

పక్కనే ఉన్న రుక్కమ్మ ఆ మాట విన్నది. ఏడుపు రాలేదు. ఆనాడు బుచ్చన్న వాకిట్లో ఎత్తిన తన గొంతే చెవుల్లో మోగింది.

అంజన్న దినాలు అయిన మర్నాడే, కర్ర పట్టుకుని ఒక ముసలామె ఊళ్ళోకి వచ్చింది.

"మొగులయ్య తల్లిని" అంది. "గీ నడుమనే జరమొచ్చి పోయిండు నా కొడుకు. పోయేముందు నాతోని ఒట్టు వెట్టించుకున్నడు. ఆ దిక్కు సగం బాట మీద ఎవ్వరిని నడవనీయొద్దని మీ ఊరోళ్లకు చెప్పాల్నంట. కాళ్లు సాగక మెల్లగ వచ్చిన..."

రుక్కమ్మ బోసి నొసలు చూసి ఆగిపోయింది. తర్వాత ఆమె పక్కనే నేలమీద కూర్చుంది.



"అవ్వా, పుట్టి మీద బతికేటోడు రాళ్ల బాట ఎందుకు బాగు జేసిండు?" రుక్కమ్మ అడిగింది.

"పుట్టి వాని పని గాదు బిడ్డా, వాడు బండలు కొట్టేటోడు. నా కోడలు పుట్టింటికి పోతా మీ బాట మీద జారి కొట్టుకపోయింది. అది బాగయ్యేదాక ఇంకెవ్వరు దానిమీద అడుగు వెట్టొద్దని, దున్నుకునే ఎడ్లనిచ్చి ఆ పుట్టి తెచ్చిండు."