రాగిపిండి ఏనుగు

"సారూ, జర ఆగుండ్లి. ఆ సంచిల ఏమున్నది?"

మ్యూజియం గేటు దగ్గర కాపలా ఉన్న యాకయ్య, బయటికి పోతున్న ఒక పెద్దమనిషిని ఆపాడు. తెల్లచొక్కా, మెడలో కండువా, బంగారు రంగు కళ్ళజోడు. ఆయన సంచిని చంకలోకి లాక్కున్నాడు. యాకయ్యే సంచిలో చెయ్యి పెట్టాడు. పిడికెడంత నల్ల ఏనుగు బయటికొచ్చింది.

"ఓరి నీ! కాకతీయుల ఏనుగునే ఎత్కపోతాండ్రా సారూ?"

పక్కనే బెంచీ మీద కూర్చున్న రూతమ్మ చటుక్కున లేచింది. కాకతీయుల ఏనుగేమిటి, అది ఆమె కన్నబిడ్డ చేసిన ఏనుగైతే!

లోపల శిల్పాల ప్రదర్శన మొదలయింది. వచ్చినవాళ్ళకు ఫలహారాలు పెట్టే పని రూతమ్మ కూతురు ప్రసన్నది. తినేవి కూడా ప్రదర్శనకు తగ్గట్టు ఉండాలని మ్యూజియం మేడమ్ ముందే చెప్పింది. అందుకని సర్వపిండితో నాణేలు, మురుకులతో తోరణాలు, రాగిపిండిలో నల్లనువ్వులు నూరి కలిపి ఏనుగులు. ఈ పూట గట్టెక్కితే ఇకమీద ఇక్కడ ఏ కార్యక్రమం జరిగినా పిలుపు ప్రసన్నకే. గట్టెక్కకపోతే? రూతమ్మ కళ్ళకు ఎప్పుడూ ఆ రెండోదే కనబడుతుంది. తినేవాళ్ళ మొహాలు చూసే ధైర్యం లేక, లోపల అడుగే పెట్టకుండా పొద్దుటినుంచీ గేటు దగ్గరే కూర్చుంది.

"యాకయ్య తమ్మీ, అది రాతిది గాదు! మా బిడ్డ చేసింది. తినేది!"

"తినేదా? గిదా? లోపల మెట్ల కాడి చిన్న రాతేనుగు అచ్చం గిట్లనే ఉంటదక్కా."

"ఉండదా మరి! దాన్ని చూసే గద మా పిల్ల అచ్చు కోయించింది. సారు ఇంటికి తీస్కపోతాండు, గంతే. మనుమనికి కావచ్చు. గంతే గద సారూ?"

పెద్దమనిషి ఆమెను ఎగాదిగా చూశాడు. "అవునవును. మనుమనికే."

"మరి అడిగితే చెప్పరేంది?"

"ఎట్ల చెప్తడు తమ్మీ? నలుగుర్ల తినేది సంచిల ఏస్కున్నననాలంటే నామోషీ గాదా?"

"నామోషే," అన్నాడు పెద్దమనిషి.

"అయితే నా ముంగట ఒక్క ముక్క కొరకమను."

"ఈ వయసోళ్ళకు షుగరుంటది. అండ్ల బెల్లమున్నది."

"షుగరే," అన్నాడు పెద్దమనిషి. "మూడొందలు."

యాకయ్యకు ఇంకా నమ్మకం కుదరలేదు. "ఎందుకొచ్చిన పంచాయితి, మేడమ్‌నే పిలుస్త."

రూతమ్మ యాకయ్య చెయ్యి పట్టుకుంది. మేడమ్ వస్తుంది. పోలీసులొస్తారు. ప్రసన్న ఫలహారం పట్టుకుపోయినందుకు పెద్దమనిషిని స్టేషన్‌లో కూర్చోబెట్టారని రేపు పేపర్లో వేస్తారు. ఇక ఆ పిల్లను పుట్టినరోజు పార్టీకైనా ఎవరు పిలుస్తారు?

"పిలువకు తమ్మీ, నీకు పుణ్యముంటది! ఇగో, గిది చూడు."

చేతిసంచిలోంచి చిన్న టిఫిన్ డబ్బా తీసింది. తిన్నవాళ్ళకు వాంతులైతే దవాఖానలో డాక్టరుకు చూపించాల్సి వస్తుందని రెండు నాణేలు, ఒక తోరణం అందులో దాచింది. యాకయ్య నాణెం అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచు కొరికాడు. కరకరా నమిలాడు.

"అబ్బ! సర్వపిండి! అచ్చం పాతపైస లెక్కనే చేసింది గదక్కా."

"మరి! ఏనుగు గూడ గంతే."

"తప్పయింది సారూ, ఏమనుకోకుండ్లి," అంటూ యాకయ్య ఏనుగును రూతమ్మ చేతిలో పెట్టి రెండో నాణెం అందుకున్నాడు.

ఏనుగు చేతికి రాగానే రూతమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. ఎంత బరువు! గోరుతో గిచ్చింది, దిగలేదు. బెంచీ మీద చిన్నగా కొట్టింది. టక్కుమంది. ఓవెన్‌లో పెట్టి ఫోను చూస్తూ కూర్చుంది పిల్ల, మాడి రాయయింది! ఇదే ఏనుగును లోపల ముఖ్య అతిథి కొరికితే? ముందుపళ్ళు మైకు ముందరే రాలిపడితే?

పెద్దమనిషిని పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించింది. "అన్నా, మీకు దండం పెడ్త. ఇది ఎవ్వలకు చూపెట్టకుండ్లి. మనుమనికి గూడ పెట్టకుండ్లి, పండ్లు ఊడుతయ్. మా పిల్ల ఇజ్జత్ మీ చేతుల్ల ఉన్నది."

"ఫికర్ చెయ్యకు చెల్లె," అన్నాడాయన ఎంతో దయగా. "ఈ ఊర్ల ఇది ఎవ్వని కంటా పడది."

ఇంత మంచివాళ్ళు కూడా ఉంటారా లోకంలో! రూతమ్మకు కళ్ళు చెమర్చాయి. ఏనుగును తానే పాత పేపర్లో చుట్టి ఆయన సంచి అడుగున పెట్టింది. మిగిలిన తోరణం కూడా పైన పెట్టింది.

"ఎటు పోవాలె అన్నా?"

"రైల్వే స్టేషన్ కాడికి."

"ఈ ఎండల నడుసుడెందుకు? మమ్ములను తెచ్చిన ఆటో ఊకెనే ఉన్నది. కట్టయ్యా, సారును స్టేషన్ కాడ దించిరా. జర జల్ది!"

యాకయ్య సెల్యూట్ కొట్టి మరీ గేటు తీశాడు. ఆటో మలుపు తిరిగి కనబడకుండా పోయాక రూతమ్మ పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి వదిలింది. "ప్రభువా, నీకు స్తోత్రం."

అంతలో లోపలినుంచి ప్రసన్న ఎగురుకుంటూ వచ్చింది.

"మమ్మీ! నాణేలు ఒక్కటి మిగల్లే! తోరణాలకైతే కొట్లాడిన్రు! మేడమ్ ఫుల్ ఖుషీ!"

"మరి ఏనుగులు బిడ్డా? ఎవలన్న కొరికిన్రా? ఎవలదన్న పన్ను..."

"ఏనుగులు ఇప్పుడు పెడ్త, డబ్బా ఇంక తెరువనే లేదు, ఆటోలనే ఉన్నది," అంటూ ప్రసన్న గేటు బయటికి తొంగిచూసింది. "కట్టయ్య మామ ఏడి మమ్మీ?"