చిన్నప్పటి సాక్షి

విరుదునగర్ బస్సులో, తనకి చదువు చెప్పిన గోపాలసామి వాద్యారుకి కిటికీ సీటు ఇచ్చి, తాను పక్కన కూర్చున్నాడు వేలాయుదం. చూసేవాళ్లకి అది మర్యాద. అతనికి కాపలా. ముసలాయన మనసు మారి సాత్తూరులో దిగిపోతాడేమోనని.

ఈ రోజు కోసం ముప్పయ్యేళ్లుగా పళ్లు నూరుతున్నాడు మరి.

డెబ్బై నాలుగులో, కోవిల్‌పట్టి బడిలో, ఈయన చింతబరికెకి తట్టుకోలేకే ఐదో క్లాసులో చదువు మానేశాడు. "కుదురు లేదు, కొవ్వు" అనేవాడు వాద్యారు. ఆ మాట ఊరంతా పట్టుకుంది. పెద్దయ్యాక ఏ పనిలోనూ నిలవలేదు. మొన్న అగ్గిపెట్టెల కంపెనీలో ధ్యాస ఎటో పోయి, పుల్లలకద్దే మందు గిన్నె ఒలకబోశాడు. "డాక్టరుకి చూపించుకుని రా, అప్పుడు చూద్దాం పని సంగతి" అని ఓనరు గెంటేశాడు.

విరుదునగర్ డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది. "శ్రద్ధ నిలవని జబ్బు కావచ్చు. చిన్నప్పుడూ ఇలాగే ఉండేవారని, చూసినవాళ్లు చెప్పాలి. అమ్మానాన్నా ఉన్నారా?"

"లేరు. మా వాద్యారున్నాడు."

ఆ మాట అంటుంటేనే నోట్లో బెల్లం కరిగినట్టయింది. కొట్టినవాడి నోటితోనే చెప్పించాలి. కొట్టింది జబ్బుపిల్లాణ్ణని వాడి చెవిలోనే పడాలి.

"మీ దగ్గర చదివినోణ్ణి సారూ. కుదురులేని పిల్లోడి గురించి డాక్టరమ్మ అడగాలంట" అని ఈ పొద్దున ఆయన గుమ్మంలో నిలబడితే, వాద్యారు పేరైనా అడగలేదు. చొక్కా తొడుక్కుని వచ్చేశాడు.

బస్సు దిగి ఆస్పత్రికి వెళ్లాక, "పిల్లాడు చిన్నప్పుడెలా ఉండేవాడు సార్?" అని డాక్టరమ్మ అడిగింది. ఆయన తమిళంలో మొదలుపెట్టి, నాలుగు మాటలకే తెలుగులోకి జారిపోయాడు. వేలాయుదం ఆశ్చర్యపోయాడు. తమలాగే ఇంట్లో తెలుగే అయినా, గడప దాటితే తమిళం తప్ప మాట్లాడని మనిషి! బళ్లో తెలుగు ముక్క వినబడితే వీపు చీరేసేవాడు.

"కూడు తినేటప్పుడు గూడా కుదురుగా కూచోడమ్మా. నడిమిట్లో లేచి పోతాడు. గూడ్సుబండి కూత ఇంటే చాలు, చెప్పుల్లేకుండా పరుగు. ఒకనాడు తువాలుతో స్తంభానికి కట్టేస్తిని. అప్పుడూ నవ్వతానే ఉండె."

ఒక్కో మాటా రుచి చూస్తూ తమిళంలోకి మార్చి డాక్టరమ్మకి చెప్పాడు వేలాయుదం. కూడు సంగతి ఈయనకెలా తెలుసు? అమ్మ చెప్పి ఉంటుంది. గూడ్సుబండి సంగతి తనకే గుర్తు లేదు. అయినా తనకేం గుర్తుంటుంది గనక!

"అది కొవ్వు కాదు సార్, జబ్బు" అంది డాక్టరమ్మ. "కొడితే పోదు. అప్పుడే చూపించి ఉంటే దారిలో పడేవాడు."

వాద్యారు తల వాలిపోయింది.

వేలాయుదం ఆయన చెవి దగ్గరికి వంగాడు. "బాగా ఇంటివా సారూ? ఇప్పుడు చెప్పు, ఎవురికి కొవ్వు?"

ముసలాయన అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వెవురో ఎంత యోచన చేసినా గురుతు రాలేదప్పా, నేను చెప్పిందంతా, పదేండ్లప్పుడు ఇల్లిడిచిపోయిన నా కొడుకు సెల్వరాజు సంగతి."