ఎవరి టీ వాళ్లకే

"అల్లం లేకపోతే అది అమ్మ టీయే కాదు," అన్నాడు అన్నయ్య, రోలు ముందుకు లాక్కుంటూ.

"అమ్మ టీలో అల్లం ఎప్పుడుంది? యాలకులు! పాలు చిక్కగా పోసేది. గ్లాసు చేతికి రాకముందే వాసన వచ్చేది," అంది ముగ్గురిలో నడిమిదైన కూతురు.

"మీ ఇద్దరికీ మతిపోయింది," అన్నాడు తమ్ముడు. "ముదురు డికాక్షన్, రెండింతల చక్కెర. సాయంత్రం దాకా నాలుక మీద ఉండేది."

ఉన్నది ఒకే టీ గిన్నె. దానికోసం ముగ్గురూ చిన్నప్పటిలాగే మోచేతులతో తోసుకుంటున్నారు. ఇంకో రోజైతే నవ్వుకునేవాళ్లే. కానీ పక్కగదిలో అమ్మ నిన్నటినుంచీ ఏమీ తాగలేదు. చెంచా చూస్తేనే పెదాలు బిగించేస్తోంది.

"సాయంత్రానికీ ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనండీ," అని చెప్పి వెళ్లింది పొద్దున వచ్చిన నర్సు. "ఆవిడకి బాగా ఇష్టమైనదేదైనా పట్టి చూడండి."

ఇష్టమైనదంటే టీయేనని ముగ్గురూ ఒక్క గొంతుతో అన్నారు. ఏ టీ అన్న దగ్గరే పేచీ మొదలైంది.

గొట్టం మాటకి కూతురు ఒప్పుకోలేకపోతోంది. అసలే అమ్మకి మనుషులు గుర్తుండడం మానేశారు. అన్నయ్యని చూసి, "కరెంటు పనికొచ్చారా బాబూ?" అంటుంది. తమ్ముడొస్తే దుప్పటి మెడదాకా లాక్కుంటుంది. కూతుర్ని రోజూ కొత్తగా, "మీదే ఊరమ్మా?" అని మర్యాదగా అడుగుతుంది. "బుల్లీ" అని అమ్మ తనని పిలిచే ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో! ఇప్పుడా ముక్కులో గొట్టం పెడితే, ఎవరో పరాయివాళ్లు తనని హింస పెడుతున్నారనుకోదూ?

"పెద్దవాణ్ణి, ముందు నాది," అని అన్నయ్య గోడలు అదిరేలా అల్లం దంచాడు. దగ్గొచ్చినా, వాన పడినా, పరీక్ష తప్పినా అమ్మ తనకిచ్చిన మందు అదేనట. గ్లాసు తీసుకెళ్లి అమ్మ వీపు వెనక దిండ్లు సర్ది కూర్చోబెట్టాడు.

"తాగమ్మా."

అమ్మ గ్లాసుకేసి చూసింది. ముక్కు ఎగబీల్చింది. తర్వాత అరచేయి ఆనించి గ్లాసుని నెమ్మదిగా వెనక్కి, అన్నయ్య రొమ్ముదాకా నెట్టింది.

"ఊఁ," అంది.

"వద్దంటోంది," అన్నాడు అన్నయ్య మొహం చిన్నబుచ్చుకుని. పారబోయడానికి మనసొప్పక తనే తాగడం మొదలుపెట్టాడు. సగం తాగి, గ్లాసు మంచం పక్కనున్న స్టూలు మీద పెట్టేశాడు.

తమ్ముడి టీకీ అదే గతి పట్టింది. "ఒక్క గుక్క, మా అమ్మవి కదూ!" అని బతిమాలినకొద్దీ అమ్మ ఆ గ్లాసుని వాడివైపే నెట్టింది. "చక్కెర తగ్గిందేమో," అని వాడు రుచి చూశాడు. మళ్లీ చూశాడు. తగ్గలేదు. రుచి చూస్తూ చూస్తూనే చాలావరకు ఖాళీ చేసి, కళ్లు తుడుచుకున్నాడు.

కూతురు స్టవ్ దగ్గరికి వెళ్లింది. ఇక మిగిలింది తనదే. చక్కెర డబ్బా మూత తీయగానే యాలకుల వాసన గుప్పుమంది. గింజలు టీలో వేసి, తొక్కలు చక్కెరలో పడేయడం అమ్మకి అలవాటు. ఆ తొక్కలు ఇంకా అందులోనే ఉన్నాయి. స్టవ్ ముందు అమ్మ నిలబడ్డట్టే అనిపించి, కాసేపు కదలలేకపోయింది. పాలు పొంగబోయేసరికి తేరుకుని గిన్నె దించింది.

అమ్మ ఆ గ్లాసునీ నెట్టింది. పైగా ఈసారి కాస్త విసుగ్గా, "ఊఁ, ఊఁ!" అంది.

"నీదీ కాదన్నమాట," అన్నాడు అన్నయ్య. ఆ గొంతులో గెలుపేమీ లేదు.

కూతురు మంచం అంచునే కూలబడి, ఏం చేయాలో తోచక తన టీ తనే తాగసాగింది. ఉన్నట్టుండి ఆగింది.

"ఒరేయ్, ఇంతకీ అమ్మ టీ తాగుతుంటే నువ్వెప్పుడైనా చూశావా?"

తమ్ముడు తన గ్లాసు స్టూలు మీద పెట్టాడు. "మనం తాగేశాక తాగేదేమో అక్కా. మనం ఆపాటికి బడికి పరుగు..."

అన్నయ్య తల వంచుకున్నాడు. ముగ్గురికీ సిగ్గేసింది. ఆ ఇంట్లో అన్నేళ్లు పెరిగారు. అమ్మ ఏ టీ తాగేదో ఒక్కరికీ తెలియదు.

అప్పటికే సాయంత్రమైంది. వీధి గేటు కిర్రుమంది. నర్సు లోపలికొచ్చింది. ముగ్గురి మొహాలూ చూసి ఇంకేమీ అడగలేదు. సంచిలోంచి సన్నటి గొట్టం తీసి, "సామాను పెట్టుకోవాలి, ఆ స్టూలు కాస్త ఖాళీ చేస్తారా?" అంది.

కూతురు గ్లాసులు తీయబోయింది. మూడూ ఒక్కసారి పట్టుకోవడం కుదరలేదు. అన్నయ్య వదిలేసింది, తమ్ముడి గ్లాసు అడుగున ఉన్నది, తన గ్లాసులో మిగిలింది అన్నీ ఒకే గ్లాసులోకి వంచేసింది. అల్లం, యాలకులు, ముదురు డికాక్షన్ కలిసి అదో రంగు తేలింది. పారబోద్దామని లేచింది.

ఎవరో చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నారు. తిరిగి చూస్తే అమ్మ. దిండ్ల మీంచి ముందుకు వంగి, రెండో చెయ్యి గ్లాసు కోసం చాపింది.

"పారబొయ్యకే బుల్లీ! మీ ముగ్గురూ తాగేశారుగా, ఇక నా టీ ఇటివ్వు."