పడమటి దండాలు

"ఇవాళైనా చిన్నన్నయ్య ముందు కాస్త వంగుతావా అన్నయ్యా" అని దెమియానా అడిగితే, ఫానూస్‌కి అది "లొంగుతావా" అని వినపడింది.

"లొంగడమా? నేనా? వాడికా?"

గుడ్ ఫ్రైడే ఆరాధన చివరికొచ్చింది. స్తంభాలకి నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. పొద్దుటి నుంచి మంచినీళ్ళైనా ముట్టని జనం నీరసంగా ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని నిలబడ్డారు. ఆ గొంతుకి నాలుగు వరసల తలలు ఇటు తిరిగాయి. దెమియానా నాలిక కరుచుకుని, లొంగమనలేదు అన్నయ్యా, వంగమన్నానంతే అని సర్దబోయింది. లొంగినా వంగినా విరిగేది నా నడుమేగా అన్నాడాయన.

ఫానూస్ అంటే ఆ ఊరి భాషలో లాంతరు. పేరు ఏ ముహూర్తాన పెట్టారోగానీ ఆయన ఎక్కడున్నా ముందుండి వెలగాల్సిందే. చేసేది చెరకు పాకం వ్యాపారం. తీపంతా కొట్లో కుండల్లోనే ఉండిపోయింది, యజమాని నోటి దాకా రాలేదు. చర్చిలో బలిపీఠం తెరకి ఎదురుగా మొదటి వరస ఆయనది. ఉపవాసం ఆయన ఉంటేనే ఉపవాసం, మిగతావాళ్ళది ఉత్త వాసం. ఈ ఊళ్ళో తనంత అణకువ గలవాడు ఇంకొకడుంటే తెచ్చి చూపించమని అరుగుల మీద సవాలు చేసేవాడు.

తమ్ముడు గత్తాస్‌ది ఆఖరి వరస, తలుపు పక్కన. తల్లిని సమాధికి తీసుకెళ్ళిన రోజు ఎవరు ముందు నడవాలన్న దగ్గర అన్నదమ్ములకి మాటా మాటా పెరిగింది. అంత పెరిగిన మాట ఆ తర్వాత ఒక్కటీ మిగల్లేదు.

ఆ తమ్ముడు ఈ పూట మంచం దిగి వచ్చాడని దెమియానా గోల. గుండె బొత్తిగా బాగాలేదట. కదలొద్దని డాక్టరు చెప్పినా వినకుండా వచ్చాడట. చర్చి మెట్లెక్కేసరికే పెదాలు నల్లబడ్డాయట. ఆదివారం పండగ పూట ఇద్దరన్నయ్యలూ ఒక్క పళ్ళెంలో చెయ్యి పెడితే చాలు, తను ఇంకేమీ అడగనంది.

"వాడొచ్చి నా కాళ్ళ దగ్గర వాలి తప్పయిపోయిందనమను. క్షమించడానికి నేనెప్పుడూ సిద్ధమే" అన్నాడు ఫానూస్. "పెద్దవాడు వంగితే లోకం తలకిందులైపోదూ?"

దెమియానా కళ్ళు తుడుచుకుంటూ ఆడవాళ్ళ వైపు వెళ్ళిపోయింది.

చర్చి ఫాదరు అబూనా బెస్సదా "కీర్యలైసోన్" అందుకున్నాడు. ప్రభువా, కరుణించు అని. తాళాలు మోగాయి. జనమంతా తూర్పుకి తిరిగి, మోకాళ్ళ మీద వాలి, నుదురు నేలకి ఆనించి లేవడం మొదలుపెట్టారు. ఆ రోజు నాలుగు దిక్కులకీ అలాగే పదే పదే మొక్కాలి. తూర్పు అయ్యాక పడమర.

పడమర అనేసరికి చర్చి చర్చంతా వెనక్కి తిరుగుతుంది. మొదటి వరస ఆఖరిదైపోతుంది. తలుపు దగ్గరివాళ్ళు అందరికీ ముందవుతారు. అంటే ఫానూస్ తన తమ్ముడి వీపు వెనక మొక్కాలి. అందుకని పడమర రాగానే ఆయనకి మోకాళ్ళ నొప్పి వచ్చేది. ఉత్తరం రాగానే తగ్గిపోయేది. ఈ వాతం సంగతి ఊరందరికీ తెలుసు.

ఆ సాయంత్రం కూడా జనం పడమరకి తిరిగారు. ఫానూస్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరికీ ముందున్న గత్తాస్ మెల్లగా వాలి, నుదురు నేలకి ఆనించాడు. అందరూ వాలారు, లేచారు. గత్తాస్ లేవలేదు. మళ్ళీ వాలారు, మళ్ళీ లేచారు. అతను అలాగే ఉన్నాడు.

అప్పుడు ఊరు ఎన్నడూ చూడనిది జరిగింది. వెనక నిలబడి తమ్ముడి వైపే చూస్తున్న ఫానూస్ మోకాళ్ళు వంచాడు. నుదురు చాపకి ఆనించాడు. ఆయనా లేవలేదు.

దెమియానా వరసలు దాటుకుంటూ తలుపు దగ్గరికి పరిగెత్తింది. భుజం పట్టుకుని కదిపితే గత్తాస్ ఒక పక్కకి ఒరిగాడు. జనంలో ఉన్న డాక్టరు వచ్చి నాడి చూసి, అతని కళ్ళు మూశాడు. తాళాలు ఆగిపోయాయి. ఏడుపు తలుపు దగ్గర మొదలై ఒక్కో వరసా దాటి బలిపీఠం దాకా వచ్చింది. ఫానూస్ మాత్రం తల ఎత్తలేదు.

ఆయన్నలా చూసి ఏడుపు రెట్టింపైంది. రాయి కరిగిందన్నారు. రక్తం ఎక్కడికి పోతుందన్నారు. అబూనా బెస్సదా వచ్చి ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు.

"లే నాయనా. తమ్ముడు పోయాడని మా ఎవ్వరికీ తెలియకముందే నీ ప్రాణానికి తెలిసింది. దేవుడు నీ గుండెని మెత్తబరిచాడు. ఇంతమందికీ ఇవాళ నువ్వే పాఠం."

ఫానూస్ తల ఎత్తాడు. నుదుటి మీద చాప అచ్చు పడి ఉంది. తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరో తెల్లగుడ్డ పరిచి కప్పుతున్నారు. జనం పక్కకి జరిగి ఆయనకి దారి ఇచ్చారు. ఒక ముసలాయన వంగి ఆయన చేతిని ముద్దు పెట్టుకోబోతే, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వాడు పోయాడని నాకు తెలీదు అబూనా" అన్నాడు, చర్చిలో అందరికీ వినపడేలా. "లేవకపోతే, నాకంటే గొప్ప భక్తుడనిపించుకోవాలని చూస్తున్నాడనుకున్నాను. మీరంతా ఏడుస్తుంటే వాడి భక్తి చూసే అనుకున్నాను. వాడు లేచేదాకా నేనూ లేవకూడదని పంతం పట్టాను."