చున్యో తొక్కే పూట

వేలు పొడిచినా రక్తం రాలేదు.

"చలికి నెత్తురు కూడా బయటికి రానంటోందిరా," అంది నికాసియా.

కొడుకు పేరు ఫోర్తునాతో. ఆమె వేలిని అరచేతుల మధ్య పెట్టి రుద్దాడు. నోటితో ఆవిరి ఊదాడు. రెండోసారి పొడిస్తే ఆవగింజంత బొట్టు వచ్చింది. దాన్ని పట్టీకి అద్ది, మిషన్‌లో అంకె చూసి మొహం చిట్లించాడు.

"రెండొందల పది! రాత్రి ఏం తిన్నావమ్మా?"

"నీ తిట్లు."

కోడలు బసీలియా నవ్వాపుకుంటూ కాఫీ పోసింది. అత్తకి చక్కెర లేకుండా, మొగుడికి నాలుగు చెంచాలు వేసి.

"వాడికి నాలుగు, నాకు సున్నానా?"

"రోగం నీకా, నాకా?" అన్నాడు ఫోర్తునాతో. శాలువా కింద ఆమె ఎదకి హత్తుకుని దాచుకున్న ఇన్సులిన్ సీసా తీయించాడు. గడ్డకట్టలేదని రెండుసార్లు చూసుకున్నాకే సూది వేశాడు. తర్వాత ఆమె పాదాలకి రెండు జతల అల్పాకా ఉన్ని మేజోళ్ళు తనే తొడిగాడు. "పొద్దుగూకేదాకా ఇవి విప్పావో, చూడు."

అతని భయం ఊరికే పుట్టింది కాదు. పోయిన చలికాలం ఆమె పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని కునుకు తీసింది. మాడు వాసన వస్తే కోడలు కూర మాడ్చిందనుకుని తిట్టింది కూడా. మాడినవి తన వేళ్ళే. ఎడమ కాలివి రెండు తీసేశారు. ఈసారి చిన్న పుండు పడినా మోకాలి దాకా తీయాల్సి వస్తుందని డాక్టరు చెప్పి పంపాడు. చక్కెర జబ్బు ఆమె పాదాలకి వేడీ చలీ తెలియకుండా చేసింది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

కానీ ఇవాళ చున్యో తొక్కే రోజు. మూడు రాత్రులు ఆరుబయట మంచులో గడ్డకట్టిన బంగాళాదుంపలు ఎండెక్కగానే మెత్తబడ్డాయి. వాటిని కుప్పలు పోసి, ఉత్త కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండాలి. ఆ పైన ఎండబెడితే ఏళ్ళ తరబడి చెడవు. పెళ్ళై వచ్చిన ఏడాది నుంచీ ఈ మైదానంలో నికాసియాని మించి తొక్కినవాళ్ళు లేరు. ఇప్పుడు ఆమెని ఒక పక్కన కూర్చుని పుచ్చు దుంపలు ఏరమన్నారు. ఆమెకి ఏడుపొచ్చింది.

బసీలియా కుప్ప ఎక్కుతూనే కెవ్వుమంది. "అమ్మో, చచ్చాను! వేళ్ళ సందుల్లోంచి ఎముకల్లోకి దిగుతోంది చలి!" నాలుగడుగులు తొక్కడం, ఎండలోకి పరిగెత్తడం, తిట్టుకుంటూ మళ్ళీ రావడం.

ఫోర్తునాతో మాత్రం దిగకుండా తొక్కుతున్నాడు.

"ఏం కాళ్ళయ్యా అవి, రాళ్ళా?" అంది బసీలియా.

"నా పోలికే," అంది నికాసియా గర్వంగా. "నీ పుట్టింటివాళ్ళ కాళ్ళు కావు, పిల్లి కూత కూయడానికి."

కాసేపటికి అతను దాహమంటూ నీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళాడు. కోడలు ఎండలో పాదాలు రుద్దుకుంటోంది. ఎవరూ ఇటు చూడటం లేదు. నికాసియా మేజోళ్ళు రెండు జతలూ లాగేసింది.

ఒక్క కుప్పే, అనుకుంది. ఎక్కి తొక్కింది. నడుముకి ఆ ఊపు గుర్తుంది. చేతులకీ గుర్తుంది. పాదాలకే ఏమీ తెలియడం లేదు, ఎవరి కాళ్ళ మీదో నిలబడ్డట్టుంది. అయినా ఆమె ప్రాణం లేచొచ్చింది. కొడుకు మూతి తుడుచుకుని ఇటు తిరిగేసరికి మేజోళ్ళు తొడిగేసుకుని, ఏమీ ఎరగనట్టు దుంపలు ఏరుతోంది.

అతను వచ్చి అదే కుప్పని ఇంకాసేపు తొక్కి, మళ్ళీ నీళ్ళకి వెళ్ళాడు. అప్పుడు అరిచింది బసీలియా. ఈసారి చలికి కాదు.

"నెత్తురు!"

తొక్కిన దుంపల మీద ఎర్రగా ఉంది. వాటి మధ్య పగిలిన సీసా పెంకు ఒకటి మెరుస్తోంది. బిందె దగ్గర నుంచి ఫోర్తునాతో పరిగెత్తుకొచ్చాడు. కుప్పని చూశాడు, తర్వాత తల్లిని చూశాడు.

"తొక్కావు కదూ?"

నికాసియా పాదాలు శాలువా కిందికి లాక్కుంది. "ఒక్క కుప్పేరా..."

"ఒక్క కుప్పా! చెప్పానా లేదా? రోజూ పొద్దున్నే నీ అరికాళ్ళు చూసేది ఎందుకనుకున్నావు? కాలు తీసేస్తే నిన్ను మోసుకు తిరగలేక కాదమ్మా, నువ్వు బతకవు!" పెళ్ళాం వైపు తిరిగాడు. "విప్పు. బసీలియా, విప్పు వాటిని!"

"వద్దే తల్లీ," అంది నికాసియా. "చూడొద్దు. కాసేపు చూడకుండా ఉందాం."

బసీలియా మోకాళ్ళ మీద కూర్చుని మేజోళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది. గౌను అంచుతో పాదాలు తుడిచింది. వేళ్ళ సందులు విడదీసి చూసింది. అరికాళ్ళు ఎండకేసి తిప్పి చూసింది.

"గీత కూడా లేదత్తా."

నికాసియా కోడలి తల పట్టుకుని భోరుమంది.

"ఇవాళ తప్పింది, సరే," ఫోర్తునాతో ఆపలేదు. "రేపో? నీకు గుచ్చుకున్నా తెలియదు కదమ్మా! ఆ సంగతి నీ బుర్రకెప్పుడు ఎక్కుతుంది?"

"మరి ఇదెవరిది?" అంది నికాసియా కళ్ళు తుడుచుకుంటూ. "నీదేనా పిల్లా?"

"నాకు గుచ్చుకుంటే ఊరంతా వినపడేట్టు అరిచేదాన్ని కానూ?" అంటూ బసీలియా వెనక్కి తిరిగి చూసింది.

ఎండిపోయి తెల్లబడ్డ గడ్డి మీద ఎర్రటి మడమ గుర్తులు కుప్ప దగ్గర నుంచి బిందె దాకా, బిందె దగ్గర నుంచి ఫోర్తునాతో నిలబడి ఇంకా తల్లిని తిడుతున్న చోటు దాకా వచ్చి ఆగాయి.